ఆకురాయి

తుపాకుల పని నేర్చుకుంటనని వచ్చినవా తమ్మీ?
కూసో. ముందుగాల ఛాయ్ తాగు.
నీ చేతులు ఇట్ల చూపెట్టు.

గన్‌ఫౌండ్రీ అని పేరేగానీ
ఈ గల్లీల ఇప్పుడు ఫిరంగులు పోసేటోడు లేడు.
జిరాక్సు మిషన్లున్నయి, పెండ్లిపత్రికలున్నయి,
మెట్ల కింద మా దుకాణమున్నది.
లైసెన్సు కాయితానికి అద్దం కట్టించి
దేవుని పటం కంటె మీదికి మేకు కొట్టిన దుకాణం.

నేను మల్లేపల్లి ఐటీఐల ఫిట్టర్,
ముప్పై ఇద్దరు పోరగాళ్ల నడుమ ఒక్కదాన్నే.
సర్టిఫికెట్ చూపెడితే బషారత్ ఉస్తాద్ చదవలే.
ఇనుప ముక్కొకటి చేతుల పెట్టిండు,
బెల్లంగడ్డ తీరు, వంకరటింకరగ.
"దీన్ని పాచిక చెయ్యి" అన్నడు.
ఆకురాయి ఇచ్చిండు.

ఆకు గాదు, రాయి గాదు.
ఆ పేరు పెట్టినోడు ఎన్నడన్న రాకిండో లేదో.

ఆర్నెల్లు తుపాకీ ముట్టలే.
ఒక దిక్కు సమం జేస్తే ఇంకో దిక్కు వాలుడు.
ఉస్తాద్ మూలమట్టం ఆనిచ్చి ట్యూబులైటుకు పడుతుండె.
సందుల నుంచి వెలుగు సన్నగ కారితే
ఏమనకపోతుండె. తిరిగి ఇస్తుండె.
రంజాన్ పోయింది, బోనాలు పోయినయి,
బెల్లంగడ్డంత ఇనుము రేగ్గాయంతయ్యింది.
అమ్మ నా తల దువ్వితే
దువ్వెనకు ఇనుప రజను.
ఒక పొద్దు, వెలుగు రాలే.
ఆ పాచికను ఉస్తాద్ గల్లపెట్టెల ఏసుకున్నడు.

అటెన్క నేర్పిన మొదటి మాట: ఖాళీ.
ఖాళీ అని తెచ్చినోడు చెప్తడు, నమ్మకు.
నీ కండ్లతోని చూస్తవు, వాటిని గూడ నమ్మకు.
వేలు పెట్టి చూడు.
ఉస్తాద్‌కు ఎడమచేతి చిటికెనవేలు లేకుండె.
ఎట్ల పోయిందని నేనడగలే.

పనులు ఎన్నడూ ఒక్క తీరుండయి.
అడివిపందులు మక్కచేను మేసినయని
వికారాబాద్ దిక్కు రైతొకడు,
తాత తుపాకీ గోడకు తగిలిచ్చుకుంటనని
పురానీ హవేలీకెల్లి మనుమడొకడు.
ఎలక్షన్లొస్తే ఊరి తుపాకులన్ని డిపాజిట్‌కు దిగుతయి,
మెడకు చీటీలు కట్టి బడిపిల్లల తీరు నిలబెడుతం.

కాయితం లేకుంట వచ్చెటోడు గూడ ఉంటడు,
దీపాలు పెట్టినంక, గోనెసంచిల చుట్టుకొని.
ఆ రోజు మా అమ్మ ఉస్మానియా దవాఖానల ఉండె.
వాడు నోట్లకట్ట బల్ల మీద పెట్టిండు.
నా చూపు ఎటు పోయిందో ఉస్తాద్ చూసిండు.
వాణ్ని ఎల్లగొట్టి, షట్టర్ సగం దించి,
ఏమనలే.
గల్లపెట్టె తీసి మందులకు పైసలు లెక్కబెట్టిండు.
చిల్లరల నా పాచిక మెరిసింది.

ఇంకొకటి చెప్త, తర్వాత నీ ఇష్టం.
దుర్గయ్యని సుల్తాన్‌బజార్ల బ్యాంకు కాపలా.
ఇరవై రెండేండ్లు అదే స్టూలు, అదే జోడునాలి.
సాఫు చెయ్యమని తెచ్చిండు.
ఖాళీయే అన్నడు. వేలు పెట్టి చూసిన, ఖాళీయే.
మడత విప్పి గొట్టాలను ట్యూబులైటుకు పట్టిన.
ఎడమ దాంట్ల గుండ్రంగ వెలుగు.
కుడి దాంట్ల వెలుగు రాలే.

సన్న కడ్డీ పెట్టి గీకితే
ఎర్రమన్ను, ఇంకింత ఎర్రమన్ను,
ఎన్నడో ఎగిరిపోయిన కందిరీగల గూడు.
దుర్గయ్యకు తల కొట్టేసినట్టయ్యింది.
"ఒక్కసారన్న కాల్చే పని పడలే సాబ్" అన్నడు,
తప్పు చేసినోని లెక్క.
ఉస్తాద్ దగ్గొచ్చేదాంక నవ్విండు.
మజూరీ తీసుకోలే.
ఆ మట్టిని పారెయ్యనియ్యలే గూడ,
పొట్లం కట్టి ఆ చెక్క మీద పెట్టిండు. అగో, అదే.

ఛాయ్ అయ్యిందా?
ఇగో ఇనుపముక్క. బరువున్నది, పైలం.
మూలమట్టం నా దగ్గరనే ఉన్నది,
గల్లపెట్టె తాళంచెవి గూడ ఇప్పుడు నా దగ్గరనే.